కొండను తవ్వి బెల్టు మార్చడం

“బెల్టు మార్చడానికి ఇంజను దింపుతారా? ఎవడ్రా నీకు చెప్పింది?”

మా మావయ్య ఫోన్లో అడిగిన మాట ఇది. ఆయనకి విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళ షెడ్డు. అంబాసిడర్ల రోజుల నుంచి ఇన్నోవాల రోజుల దాకా ఆయన చేతిలో పడని బండి లేదు. నేను డాలస్‌లో పాత ఫెరారీ ఒకటి కొన్నానని చెప్పినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. “పాతదేగా, పర్లేదులే” అని ఊరుకున్నాడు. బెల్టు కోసం ఇంజను దింపుతున్నారన్నప్పుడు మాత్రం అవతల కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, “నిన్ను మోసం చేస్తున్నారేమో చూసుకో అబ్బాయ్” అన్నాడు.

మోసం చేయలేదు. ఈ వ్యాసం దాని గురించే.

నా బండి 1997 నాటి ఫెరారీ ఎఫ్355 బెర్లినెట్టా. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో లక్షా ముప్పై వేల డాలర్ల దగ్గర అమ్ముడుపోయిన కారు. 2010 దాటాక కొన్నేళ్ళపాటు దాని ధర యాభై వేల ప్రాంతంలో తచ్చాడింది. అంటే అన్ని హంగులూ ఉన్న కొత్త పికప్ ట్రక్కు ధర. ఆ రోజుల్లోనే కొన్నాను. ఇంత మంచి బండి ఇంత చవకగా ఎందుకొస్తోందని మా ఆవిడ అడిగింది. “జనానికి తెలీదు” అన్నాను. తెలియనిది జనానికి కాదు.

అమ్మినాయన “బెల్టు సర్వీసు ఈమధ్యే అయింది” అన్నాడు. రసీదు అడిగితే వెతికి పంపిస్తానన్నాడు. వారానికోసారి గుర్తు చేశాను. మూడో నెలలో ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇలాంటి ఇంజనుకి కాగితం లేని బెల్టు సర్వీసు అవనట్టే లెక్క అని ఇక్కడి షెడ్డువాడు ఒక్క ముక్కలో తేల్చాడు. సరే, చెయ్యమన్నాను.

బిల్లు 7,690 డాలర్లు, పన్ను కాకుండా. అందులో లేబర్ 32 గంటలు, గంటకి 165 చొప్పున 5,280. మిగిలిన 2,410 సామాన్లకి. ఇంతా చేసి, నేను మార్పించడానికి వెళ్ళిన బెల్టులు రెండూ కలిపి 290 డాలర్లు. వంద రూపాయలు ఇస్తే బెల్టుకి పోయింది నాలుగు రూపాయలన్నమాట. మిగతా తొంభై ఆరు రూపాయలు ఎక్కడికి పోయాయో చూద్దామని ఒకరోజు సెలవు పెట్టి మరీ షెడ్డుకి వెళ్ళాను.

వెళ్ళేసరికి నా కారు రెండు ముక్కలుగా ఉంది. పై ముక్క లిఫ్టు మీద గాల్లో వేలాడుతోంది, వెనక భాగమంతా బోలుగా. కింది ముక్క ఒక ఇనప బల్ల మీద కూర్చుంది: ఇంజను, గేరుబాక్సు, వెనక సస్పెన్షన్, వాటన్నిటినీ మోసే ఉక్కు చట్రం. కూలెంట్ వంపేసి, పెట్రోలు గొట్టాలు, వైర్ల ముళ్ళు ఒక్కోటీ ఊడదీసి, సంచుల్లో వేసి చీటీలు అంటించి పెట్టారు. తర్వాత చట్రాన్ని బాడీకి పట్టుకున్న బోల్టులు తీసేసి, ఇంజన్ని కిందికి దించడం కాకుండా, బాడీనే పైకి ఎత్తేశారు. ఆపరేషన్ థియేటర్లో మన మనిషి పొట్ట తెరిచి ఉండగా చూసినట్టు అనిపించింది. అయిదు నిమిషాలు చాలు, బయటికొచ్చి కాఫీ తాగాను.

తిరిగొచ్చాక మెకానిక్ ఇంజను ముందు వైపు చూపించాడు. ఆ రెండు పళ్ళ బెల్టులూ అక్కడున్నాయి. కారులో బిగించి ఉన్నప్పుడు ఆ ముఖం, మన సీట్ల వెనక ఉండే గోడకి ఆనుకున్నంత దగ్గరగా ఉంటుంది. చెయ్యి దూరదు, పానా తిరగదు. ఎలుక కోసం కొండను తవ్వడం అని మనం వెటకారంగా అంటాం. ఇక్కడ కొండని శుభ్రంగా, బోల్టులు విప్పి పక్కన పెట్టేలా కట్టారు. అది చూశాక నాకు కోపం సగం తగ్గింది, సగం దారి మళ్ళింది.

ఆ బెల్టు చేసే పని తెలియనివాళ్ళకి రెండు మాటలు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టుకీ, పైన వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్టులకీ మధ్య లంకె అది. కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒక చుట్టు తిరగాలి, పన్ను తేడా రాకూడదు. ఎఫ్355లో సిలిండర్లు 8, ఒక్కోదానికి వాల్వులు 5, మొత్తం 40. ఈ ఇంజను నిమిషానికి 8,500 చుట్ల (ఆర్‌పీఎం) దాకా లేస్తుంది. ఆ వేగంలో ఒక్కో వాల్వూ సెకనుకి 70 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. నలభైకీ లెక్కేస్తే సెకనుకి 2,800 సార్ల పైమాటే. వాల్వు కిందికి దిగే చోటూ, పిస్టను పైకి వచ్చే చోటూ ఒకటే, వేళలు వేరు. కోలాటం లాగా. తాళం తప్పనంతవరకు చూడముచ్చటగా ఉంటుంది, ఒక్క దెబ్బ తప్పితే కర్ర వేళ్ళ మీద పడుతుంది. బెల్టు తెగినా, పళ్ళు జారినా, బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు పట్టేసి బెల్టు పక్కకి తప్పుకున్నా, పిస్టన్లు వాల్వుల్ని గుద్దేస్తాయి. వాల్వులు వంగుతాయి, వాల్వులుండే పై భాగాలు, అంటే హెడ్లు, దించాలి. ఆ బిల్లు ఇరవై వేల డాలర్ల దగ్గర మొదలవుతుందని మెకానిక్ నవ్వుతూ చెప్పాడు. వాళ్ళకి ఇలాంటివి నవ్వుతూ చెప్పడం అలవాటు.

కాబట్టి మార్చాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు. 290 డాలర్ల వస్తువుకి 7,690 ఎందుకయిందన్నదే ప్రశ్న. దీనికి సాధారణంగా వినపడే జవాబులు రెండు. షెడ్డువాళ్ళు దోచుకుంటున్నారన్నది ఒకటి. ఫెరారీ అంటే అంతే, కొనగలిగినవాడు భరించాలి అన్నది రెండోది. రెండూ తప్పని నా వాదన.

మొదటిది తేలిగ్గా తేలిపోతుంది. ఆ 32 గంటలూ నేను చూశాను, అన్నీ కాకపోయినా ఒక పూట. కాలక్షేపం చేస్తున్నవాడెవడూ కనపడలేదు. నలభై వాల్వుల టైమింగు మార్కులు కలిపే మనిషి చేతికి గంటకి 165 ఇవ్వడానికి నాకు బాధ లేదు. మా ఇంట్లో ఏసీ బాగుచేసే ఆయన కూడా దానికి పెద్ద దూరంలో లేడు. గంటలు ఎక్కువ పట్టడం మెకానిక్ తప్పు కాదు. ఆ గంటలు 1980లలో, ఫెరారీ కార్ఖానా ఉన్న ఇటలీలోని మారనెల్లోలో, డ్రాయింగు బల్ల మీదే రాసిపెట్టి ఉన్నాయి.

ఈ మాట ఊరికే అనడంలేదు, ఆ కంపెనీ చరిత్రే సాక్ష్యం. ఫెరారీ పాత వీ12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్లలో క్యామ్‌లని తిప్పింది గొలుసులే. బెల్టు ఆ ఇంటికి ఫియట్ వైపు నుంచి వచ్చిన కోడలు. ఔరేలియో లాంప్రెడీ అనే ఇంజనీరు ఫెరారీకి పెద్ద వీ12లు గీసిచ్చి, 1955లో ఫియట్‌కి వెళ్ళిపోయాడు. అక్కడ 1966లో ఫియట్ 124 స్పోర్ట్ కోసం రెండు క్యామ్‌ల ఇంజను తయారుచేసి దానికి పళ్ళ బెల్టు తగిలించాడు. బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు, చవక. మామూలు మనిషి కారుకి అంతకంటే ఏం కావాలి? 1969లో ఫియట్ ఫెరారీలో సగం వాటా కొనేసింది. 1973 కల్లా ఫెరారీ పన్నెండు సిలిండర్ల 365 జీటీ4 బీబీలోనూ, ఎనిమిది సిలిండర్ల డీనో 308 జీటీ4లోనూ బెల్టులే. ఆ రెండు సంగతులకీ నేరుగా ముడి ఉందని ప్రమాణం చేయను గానీ, వరస చూస్తే అనుమానం రాక మానదు.

ఇక్కడిదాకా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. 308, ఆ తర్వాతి 328 కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది, బెల్టులు కారు పక్క వైపు వస్తాయి. వెనక చక్రం తీసి, లోపలి కవరు విప్పితే అందుతాయి. ఓపికున్నవాళ్ళు ఇంట్లోనే మార్చుకుంటున్నారు. 1989లో 348 వచ్చేసరికి ఇంజన్ని నిలువుగా, అంటే కారు పొడవునా, తిప్పి, గేరుబాక్సుని వెనక అడ్డంగా పెట్టారు. 348 టీబీ అన్న పేరులో టీ అంటే ఆ అడ్డంగా అన్న మాటే. బరువు కిందికి దిగింది, నడక మెరుగైంది, అదంతా నిజం. కానీ బెల్టులున్న ముఖం వెళ్ళి కేబిన్ గోడ వైపు తిరిగింది. 1994లో వచ్చిన 355కి కూడా అదే అమరిక వారసత్వంగా వచ్చింది. ఆ గీత గీసిన రోజున, ఇరవై ఏళ్ళు దాటాక డాలస్‌లో నేను కట్టబోయే 5,280 డాలర్లు ఖరారయ్యాయి.

“గీసినవాళ్ళకి వేరే దారి లేదు కదా, అంత వేగంగా పోయే బండికి ఇవన్నీ తప్పవు” అంటారు అభిమానులు. నేనూ అలాగే అనేవాణ్ణి. తర్వాత 360 మోడెనా సంగతి తెలిసింది. 1999లో 355 స్థానంలో వచ్చిన కారు అది. దానికీ బెల్టులే, ఇంజనూ అలాగే నిలువుగానే ఉంటుంది. కానీ సీట్ల వెనక గోడలో విప్పి తీయగలిగే పలక ఒకటి పెట్టారు. సీట్లు జరిపి, పలక తీస్తే బెల్టులు ఎదురుగా ఉంటాయి. ఇంజను కదలక్కర్లేదు, బిల్లు సగానికి సగం పడిపోతుంది. ఒక పలక! పదేళ్ళపాటు రెండు మోడళ్ళు ఎలా గడిపారో గానీ, గోడకి కిటికీ పెట్టొచ్చని చివరికి ఎవరికో తట్టింది.

360 అంటే మన వాళ్ళకి ఓ జ్ఞాపకం ఉండాలి. బ్రాడ్‌మన్ 29 టెస్టు సెంచరీలతో సమానమైనందుకు టెండూల్కర్‌కి ఫియట్ ఇచ్చినది, 2002లో షూమాకర్ చేతుల మీదుగా అందినది ఆ కారే. దాని మీద కస్టమ్స్ సుంకం మాఫీ చేస్తే ఎంత గొడవయిందో, చివరికి ఆ సుంకం కంపెనీయే ఎలా కట్టాల్సివచ్చిందో అప్పటి పేపర్లు చదివినవాళ్ళకి గుర్తుంటుంది. ఆ నెలల్లో మా ఊరి టీకొట్టు దగ్గర సుంకం గురించి మాట్లాడని మనిషి లేడు. దాని బెల్టు గురించి ఒక్కడూ మాట్లాడలేదు. సుంకం ఒక్కసారి కట్టి ఊరుకోవచ్చు, బెల్టు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

2004లో ఎఫ్430తో వాళ్ళు బెల్టునే వదిలేసి గొలుసుకి తిరిగొచ్చేశారు. ముప్పై ఏళ్ళు తిరిగి బయల్దేరిన చోటికే. గొలుసు సర్వరోగ నివారిణి కాదు, ఆడీ ఎస్4 వీ8లో గొలుసులు ఇంజను వెనక వైపు పెట్టి ఓనర్ల చేత ఎంత ఖర్చు పెట్టించారో చెప్పడానికి ఇంకో వ్యాసం కావాలి. నేను చెప్పేది బెల్టా గొలుసా అని కాదు, దానికి చెయ్యి అందుతుందా లేదా అన్నది. మారుతి 800కీ టైమింగ్ బెల్టే, సాంట్రోకీ టైమింగ్ బెల్టే. మావయ్య షెడ్డులో హెల్పర్ కుర్రాళ్ళు పక్క కవరు విప్పి, భోజనాల వేళకి ముందే పని ముగించేవాళ్ళు. పాత డీజిల్ ఇన్నోవాలో అయితే వేళయిందని చెప్పడానికి డ్యాష్‌బోర్డులో టీ-బెల్ట్ అని ఒక దీపమే వెలుగుతుంది. అలాంటి దీపం అవసరం ఎవరికి ఎక్కువో ఆలోచించండి.

ఇక రెండో జవాబు. “కొనగలిగినవాడు భరించాలి.” ఈ మాట చెప్పేవాళ్ళలో ఒక రకమైన తృప్తి కనిపిస్తుంది, తాము భరిస్తున్నామన్న తృప్తి. నాకు ఇది వాదనలా కనపడదు. భరించలేనివాడు, లేదా ఇష్టంలేనివాడు ఏం చేస్తాడు? బెల్టు వేళ దగ్గరపడగానే బండి అమ్మేస్తాడు. కొన్నవాడు రెండేళ్ళు నడిపి, బెల్టు గుర్తొచ్చి, తనూ అమ్మేస్తాడు. కుర్చీలాట. పాట ఆగినప్పుడు నిలబడి ఉన్నవాడి నెత్తిన బిల్లు పడుతుంది. నాకు రసీదు పంపని పెద్దమనిషి పాట ఆగబోతోందని గ్రహించి కూర్చున్నవాడు. యాభై వేలకి దొరికిన బండి నిజానికి యాభై వేల బండి కాదు. యాభై ఎనిమిది వేల బండి, ఎనిమిది వేలు చీకట్లో దాచిపెట్టి అమ్మారు.

ఇందులో తయారీదారుకి నష్టం లేకపోవడమే అసలు చిక్కు. కొత్త ఫెరారీ కొనేవాడు మొదటి బెల్టు వేళ వచ్చేదాకా దాన్ని ఉంచుకోవడం తక్కువ. కాబట్టి డ్రాయింగు బల్ల దగ్గర కూర్చున్నవాడికి మూడో ఓనరు ముఖం కనపడదు. 2011లో మాత్రం ఆ కంపెనీ కొత్త కార్లకి ఏడేళ్ళ నిర్ణీత సర్వీసు ధరలోనే కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి బెల్టులు పోయి గొలుసులొచ్చేశాయనుకోండి. తన జేబులోంచి పోయేది ఉంటే పలకలూ గొలుసులూ త్వరగా తడతాయని నేనంటే కొంచెం వక్రంగా ఆలోచిస్తున్నానని మా ఆవిడ అంటుంది. కావచ్చు.

ఇంక ‘రొటీన్’ అన్న మాట. మాన్యువల్లో ఇది మామూలు సర్వీసుల పట్టికలోనే ఉంటుంది. ఆయిల్ మార్చడం ఒక వరస, ఫిల్టర్లు ఒక వరస, బెల్టులు ఒక వరస. ఇల్లు ఊడ్చడం, ఇల్లు తుడవడం, ఇల్లు పడగొట్టి పునాదులు చూసుకోవడం అని ఒకే జాబితాలో రాసినట్టు. నాకు బిల్లు మీద కంటే ఈ మాట మీదే కోపం.

ఎన్నేళ్ళకోసారి? ఇక్కడ ఓనర్లలో రెండు పార్టీలున్నాయి, మూడేళ్ళ పార్టీ, అయిదేళ్ళ పార్టీ. 30,000 మైళ్ళన్న లెక్క ఎలాగూ ఎవరికీ వర్తించదు, ఏడాదికి రెండు వేల మైళ్ళు తిప్పితే ఎక్కువ. రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుందని, నెలల తరబడి ఒకే వంపులో బిగిసి నిలబడటమే దానికి చేటని మూడేళ్ళవాళ్ళ వాదన. నేను అయిదేళ్ళ పార్టీ. బండి నీడలో ఉండి, వారానికోసారైనా తిరిగి, బెల్టు మీదకి నూనె కారకుండా ఉంటే అయిదేళ్ళు న్యాయమైన గడువని నా నమ్మకం. నమ్మకం అన్నాను, గమనించండి. తెగిన రోజున ఈ పేరా ఎవరైనా ప్రింటు తీసి నా ముఖాన కొట్టొచ్చు. ఊరికే ఇంజను దింపి ఎక్కించడం కూడా బండికి మంచిది కాదు. విప్పిన ప్రతి ముడీ మళ్ళీ సరిగ్గా పడాలిగా. మూడేళ్ళ పార్టీలో మెకానిక్‌లు ఎక్కువ ఉండటం కూడా నేను గమనించకపోలేదు.

పనిలో పని గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఇంజను ఎలాగూ బయటే ఉంది కాబట్టి, పనిలో పని టెన్షనర్ బేరింగులు మార్చేద్దామా? మార్చండి, అది సబబే. వాటిని వదిలేసి బెల్టు ఒక్కటీ మార్చడం పిచ్చితనం. పనిలో పని క్యామ్ సీళ్ళు? సరే. వాటర్ పంపు? కానివ్వండి. రబ్బరు గొట్టాలు? ఊఁ. క్లచ్చు ఎంత మిగిలిందో చూడమంటారా? ఎఫ్355ల ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (ఇంజను పొగ బయటికి పోయే గొట్టాలు) పగులుతాయి, ఓసారి చూద్దామా? ఇక్కడ ఆగాను. పెళ్ళివారింట్లో పనిలో పని పెరట్లో గది కూడా వేయించినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఆ మాట అడిగేవాడు దొంగ కాదు. మళ్ళీ అయిదేళ్ళదాకా ఆ చోటికి ఎవరి చెయ్యీ పోదు, అందుకే అడుగుతున్నాడు. చెయ్యి అందని ఇంజనుకి భయం ఎక్కువ, భయానికి సామాన్లు ఎక్కువ. నా 2,410లో బెల్టులు, బేరింగులు కలిపి 710. మిగతా 1,700 ఆ భయానిది.

ఇంత గొణుగుతున్నవాడివి అమ్మేయొచ్చుగా అంటారా? సర్వీసయ్యాక బండి ఇంటికి తెచ్చిన రోజు రాత్రి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మూడో గేరులో 8,000 దాటించాను. తళతళలాడే ఉక్కు గాడుల్లో గేరు కర్ర టక్కున పడే ఆ చప్పుడూ, వెనక ఆ అరుపూ... ఆ ఒక్క విషయంలో నా వాదన బలహీనపడుతుందని ఒప్పుకుంటున్నాను. వంద రూపాయల్లో తొంభై ఆరు ఎక్కడికి పోయాయో తెలుసు, అయినా బండి నా గరాజులోనే ఉంది.

కిందటేడు మావయ్య, అత్తయ్య అమెరికా వచ్చారు. మొదటి రోజే, జెట్‌ల్యాగ్ కూడా తీరకుండా, “ఏదిరా ఆ బెల్టు?” అన్నాడు. మార్చిన పాత బెల్టులు రెండూ పారేయకుండా గరాజులో మేకుకి తగిలించి ఉంచాను. ఒకటి తీసి చేతికిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని, వెనక్కి వంచి పళ్ళ మొదళ్ళలో పగుళ్ళున్నాయేమో చూశాడు. గోటితో గీశాడు. వాసన చూశాడు. రెండు చేతులా పట్టుకుని లాగాడు.

“దీనికేమైందిరా? బానే ఉందిగా.”

“సర్వీసు అయి ఉండొచ్చు, అవకపోయుండొచ్చు మావయ్యా. కాగితం లేదు.”

ఆయన ఇంజను వైపు చూశాడు. వెనక మూత ఎత్తి, టార్చి వేసి, గోడకీ ఇంజనుకీ మధ్య సందులోకి చెయ్యి పెట్టబోయి, మణికట్టు దగ్గర ఆగిపోయాడు. అలాగే కాసేపు నిలబడ్డాడు.

“దీన్ని గీసినోడు ఒక్కరోజు కూడా పానా పట్టుకునుండడు” అన్నాడు. తర్వాత కింద పడుకుని చట్రం బోల్టులు చూసి, “కాదులే, పట్టుకునే ఉంటాడు. దింపడానికి బాగా కట్టాడు” అన్నాడు.

వెళ్ళేటప్పుడు ఆ బెల్టుల్లో ఒకటి చీరల మధ్య పెట్టెలో సర్దుకున్నాడు. ఇప్పుడది ఆటోనగర్ షెడ్డులో, సాంట్రో బెల్టుల పక్కన వేలాడుతోంది. వచ్చిన ప్రతి కస్టమరుకీ చూపించి, ధర ఊహించమంటున్నాడట.